గెస్ట్ ఓఎస్‌కి ఏ హైపర్‌వైజర్ తీసుకోవాలి: డీటీపీ షాపు, కాటా, కాలేజీ లాప్‌టాప్

మా గోదావరి డెల్టాలో ఒకే కంప్యూటర్‌లో రెండో ఓఎస్ కావాలని అడిగేవాళ్లు ఎక్కువగా మూడు రకాలు. ఉన్న కంప్యూటర్‌లోనే ఇంకో ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్) నడిపించే సాఫ్ట్‌వేర్‌ని హైపర్‌వైజర్ అంటారు, అలా లోపల నడిచే ఓఎస్ గెస్ట్, కంప్యూటర్‌లో ముందే ఉన్నది హోస్ట్. మొదటివాళ్లు పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో ఏళ్ల తరబడి శుభలేఖలు, కరపత్రాలు చేసిన డీటీపీ షాపులవాళ్లు. వాళ్ల పాత ఫైళ్లన్నీ విండోస్ ఎక్స్‌పీ మెషిన్‌లోనే ఉంటాయి, ఆ మెషిన్ రేపో మాపో ఆగిపోయేలా ఉంటుంది. రెండోవాళ్లు రైసుమిల్లుల దగ్గరా, చేపలూ రొయ్యల వ్యాపారంలోనూ లారీలు తూచే కాటా నడిపేవాళ్లు. కాటా బాగానే ఉంటుంది, బిల్లు కొట్టే సాఫ్ట్‌వేర్ మాత్రం కొత్త విండోస్‌లో ఎక్కదు. ఇక మూడోవాళ్లు లాప్‌టాప్‌లో విండోస్ ఉంచుకునే లైనక్స్ నేర్చుకోవాలనుకునే బీటెక్ పిల్లలు.

ముగ్గురూ మొదట అడిగేది ఒకటే, ఏది ఫాస్ట్‌గా ఉంటుందని. నా దృష్టిలో అది ఆఖరున అడగాల్సిన ప్రశ్న. ఇంటెల్ 2005లో వీటీ-ఎక్స్, ఏఎండీ 2006లో ఏఎండీ-వీ అనే ప్రాసెసర్ సౌకర్యాలు తెచ్చాక గెస్ట్ ఓఎస్ పని చాలావరకు నేరుగా ప్రాసెసర్ మీదే జరిగిపోతోంది, కాబట్టి మామూలు ఆఫీసు పనిలో ఏ హైపర్‌వైజర్ పెట్టినా వేగంలో పెద్ద తేడా కనపడదు. తేడా వచ్చేది రెండు చోట్ల. లోపలి ఓఎస్ బయట ఉన్న ఏ వస్తువుతో మాట్లాడాలి (సాఫ్ట్‌వేర్ తెరుచుకోవాలంటే తగిలించాల్సిన యూఎస్‌బీ లాకా, కాటా కేబులా, వైఫై అడాప్టరా), కరెంటు పోయిన క్షణంలో దాని డిస్కు ఏమవుతుంది. ఈ రెండిటికీ మీ దగ్గర జవాబు ఉంటే సగం ఎంపిక అయిపోయినట్టే.

హైపర్‌వైజర్లు రెండు రకాలని చెబుతారు. మన కాలవల లెక్కలో, ఒక చేనుకి తూము నుంచి నేరుగా నీళ్లు వస్తాయి, ఇంకో చేనుకి పైవాడి చేను తడిశాకే దిగుతాయి. ప్రాక్స్‌మాక్స్, ఈఎస్‌ఎక్స్‌ఐ, జెన్ లాంటివి మొదటి రకం, అవి మెషిన్ మొత్తాన్ని తామే తీసుకుంటాయి. వర్చువల్‌బాక్స్, వీఎంవేర్ వర్క్‌స్టేషన్ రెండో రకం, విండోస్ మీదో లైనక్స్ మీదో మామూలు అప్లికేషన్‌లా ఇన్‌స్టాల్ అవుతాయి, అందుకే హోస్ట్ ఎంత మెమరీ మింగితే గెస్ట్‌కి అంత తగ్గుతుంది. మైక్రోసాఫ్ట్ హైపర్-వీ చూడటానికి రెండో రకంలా ఉంటుంది గానీ నిజానికి మొదటి రకమే: దాన్ని ఆన్ చేయగానే అది విండోస్ కిందకి వెళ్లిపోతుంది, మీరు రోజూ వాడే విండోస్ కూడా దాని మీదే నడుస్తుంది. ఈ ఒక్క సంగతి తెలియక చాలామంది రోజులకి రోజులు పోగొట్టుకుంటున్నారు, కింద వివరంగా చెబుతాను.

ఏదీ డౌన్‌లోడ్ చేయకముందు

విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో సీపీయూ నొక్కితే కింద వర్చువలైజేషన్ ఎనేబుల్డ్ అని ఉండాలి. డిజేబుల్డ్ అని ఉంటే బయోస్‌లోకి (కంప్యూటర్ ఆన్ చేయగానే, విండోస్ రాకముందు తెరిచే సెట్టింగ్స్) వెళ్లి ఇంటెల్ అయితే వర్చువలైజేషన్ టెక్నాలజీ, ఏఎండీ అయితే ఎస్‌వీఎం మోడ్ అన్నదాన్ని ఆన్ చేయాలి. తర్వాత ర్యామ్. 8 జీబీ లాప్‌టాప్‌లో విండోస్ 11 తన వాటా తీసుకున్నాక గెస్ట్‌కి 3 జీబీ, గట్టిగా లాగితే 4 జీబీ ఇవ్వగలరు, అంతకుమించి ఇస్తే రెండూ నత్తనడకే. ఎక్స్‌పీకి 1 జీబీ ధారాళంగా సరిపోతుంది, ఉబుంటు డెస్క్‌టాప్‌కి 4 జీబీ ఉంటే హాయి. విండోస్ 11నే గెస్ట్‌గా పెడదామనుకుంటే 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్కు, టీపీఎం 2.0 (సెక్యూరిటీ చిప్) అడుగుతుంది, 8 జీబీ మెషిన్‌లో ఆ ఆలోచన మానుకోండి. డబ్బులు ఒక్కచోటే పెట్టగలిగితే ఎస్ఎస్‌డీ మీద పెట్టండి, పాత తిరిగే డిస్కు మీద రెండు ఓఎస్‌లు ఒకేసారి చదువుతుంటే ప్రాసెసర్ ఎంత మంచిదైనా ఖాళీగా కూర్చోవాల్సిందే.

డీటీపీ షాపులకీ కాటాలకీ

ఇక్కడ నా సలహా గట్టిగానే చెబుతాను: వర్చువల్‌బాక్స్ గానీ వీఎంవేర్ వర్క్‌స్టేషన్ గానీ తీసుకోండి, హైపర్-వీ వద్దు. హైపర్-వీ చెడ్డదని కాదు, దానిలో యూఎస్‌బీ వస్తువుని నేరుగా గెస్ట్‌కి అప్పగించే సౌకర్యం లేదు. మీ పాత సాఫ్ట్‌వేర్‌కి యూఎస్‌బీ లాక్ ఉంటే, అది లోపలి ఎక్స్‌పీకి కనపడకపోతే సాఫ్ట్‌వేర్ తెరుచుకోదు, కథ అక్కడే ఆగిపోతుంది. కాటాది ఇంకా స్పష్టమైన సంగతి. కాటా ఇండికేటర్ నుంచి బరువు సీరియల్ కేబుల్‌లో కామ్ పోర్టుకి వస్తుంది, హైపర్-వీలో గెస్ట్ కామ్ పోర్టుని హోస్ట్ మెషిన్ అసలు పోర్టుకి కలపలేరు. వర్చువల్‌బాక్స్‌లో సీరియల్ పోర్ట్స్ పేజీలో హోస్ట్ డివైస్ ఎంచుకుని హోస్ట్ కామ్ పోర్టు పేరు రాస్తే చాలు. వీఎంవేర్‌లోనూ అంతే సులువు. కొత్త కంప్యూటర్‌కి అసలు కామ్ పోర్టే ఉండదు కదా అంటారా, యూఎస్‌బీ-సీరియల్ కన్వర్టర్ కొనుక్కోండి, దాన్ని హోస్ట్‌లో కామ్ పోర్టుగా పెట్టుకుని గెస్ట్‌కి ఇవ్వడం మేలు, ఎందుకంటే కన్వర్టర్‌నే లోపలికి పంపితే దానికి ఎక్స్‌పీ డ్రైవర్ వెతుక్కోవాలి, ఈ రోజుల్లో అది దొరకడం కష్టం.

రెండిటిలో ఏది అంటే, షాపుకి ముందు వర్చువల్‌బాక్స్ చూడండి. దాని మూల ప్యాకేజీ ఓపెన్ సోర్స్, షాపులో వాడినా పైసా కట్టక్కర్లేదు. ఎక్స్‌టెన్షన్ ప్యాక్ అని విడిగా ఒకటి ఉంటుంది, అది సొంత వాడకానికీ చదువుకీ మాత్రమే ఉచితం, వ్యాపారానికైతే ఒరాకిల్ దగ్గర లైసెన్సు కొనాలి. పాత వీడియోలు చూసి యూఎస్‌బీ పనిచేయాలంటే ఆ ప్యాక్ వేయాల్సిందే అనుకుని అందరూ వేసేస్తున్నారు. 2022లో వచ్చిన 7.0 నుంచి యూఎస్‌బీ 2, యూఎస్‌బీ 3 రెండూ మూల ప్యాకేజీలోనే ఉన్నాయి, షాపులో ఆ ప్యాక్ జోలికి వెళ్లకండి.

ఎక్స్‌పీ పెట్టేటప్పుడు మూడు సెట్టింగులు సరిగ్గా ఉంటే తలనొప్పి తగ్గుతుంది. డిస్కు కంట్రోలర్ ఐడీఈ పెట్టండి, సాటా పెడితే ఎక్స్‌పీ దగ్గర ఆ డ్రైవర్ ఉండదు కాబట్టి నీలి తెర వస్తుంది. నెట్‌వర్క్ కార్డు పీసీనెట్ రకం ఎంచుకుంటే ఎక్స్‌పీ తనంతట తానే గుర్తుపడుతుంది. గ్రాఫిక్స్‌కి వీబాక్స్‌వీజీఏ పెట్టండి. ఆ తర్వాత ఇంకోటి, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది: ఎక్స్‌పీకి ఇంటర్నెట్ ఇవ్వొద్దు. 2014 ఏప్రిల్ 8తో దానికి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆగిపోయింది, ఫైళ్లు అటూ ఇటూ పంపడానికి షేర్డ్ ఫోల్డర్ చాలు, నెట్‌వర్క్ కేబుల్ తీసేసినట్టు సెట్టింగ్స్‌లో టిక్ తీసేయండి. మీ షాపుకి పెన్‌డ్రైవ్ పట్టుకుని రోజుకి ఎంతమంది వస్తారో తలుచుకోండి. ఆ పెన్‌డ్రైవ్‌ని హోస్ట్‌లో స్కాన్ చేశాకే ఫైలు లోపలికి వెళ్లాలి.

వీఎంవేర్ సంగతి. 1999 నుంచి ఉన్న సరుకు, పనితనం గట్టిది, తెర మీద కదలికలు, యూఎస్‌బీ అప్పగింత వర్చువల్‌బాక్స్ కంటే నున్నగా ఉంటాయని నా అభిప్రాయం. 2023 నవంబరులో బ్రాడ్‌కామ్ వీఎంవేర్‌ని కొన్నది, 2024 మేలో వర్క్‌స్టేషన్ ప్రో సొంత వాడకానికి ఉచితం చేశారు, అదే ఏడాది నవంబరులో వ్యాపారానికి కూడా ఉచితం చేశారు. కాబట్టి ఇదివరకు డబ్బు భయంతో పక్కన పెట్టినవాళ్లు ఇప్పుడు ధైర్యంగా తీసుకోవచ్చు. డౌన్‌లోడ్ కోసం బ్రాడ్‌కామ్ సైట్‌లో ఖాతా తెరవాలి, అది కాస్త విసుగు. ఎక్స్‌పీకైతే కొత్త వీఎంవేర్ టూల్స్ (గెస్ట్ లోపల వేసే డ్రైవర్లు) ఎక్కవు, విస్టాకి ముందటి విండోస్‌ల కోసం ఉన్న పాత టూల్స్ ఐఎస్‌ఓ (సీడీ ఇమేజ్ ఫైలు) తెచ్చుకోవాలి. వర్చువల్‌బాక్స్‌లో మీ యూఎస్‌బీ లాక్ మాటిమాటికీ ఊడిపోతుంటే దానితో కుస్తీ పట్టకుండా వీఎంవేర్‌కి మారిపోండి.

బీటెక్ పిల్లలకి

ముందు ఒక్కటి తేల్చుకోండి. మీకు కావాల్సింది లైనక్స్ డెస్క్‌టాపా, లైనక్స్ కమాండ్లా? సీ ప్రోగ్రాములు, పైథాన్, గిట్, డాకర్, షెల్ స్క్రిప్టులు, ఇంతవరకే అయితే మీకు ఏ హైపర్‌వైజరూ విడిగా అక్కర్లేదు, విండోస్ లోపలే లైనక్స్ నడిపే మైక్రోసాఫ్ట్ ఏర్పాటు, డబ్ల్యూఎస్‌ఎల్ 2 వేసుకోండి. అది కూడా లోపల చిన్న వర్చువల్ మెషినే, అసలు లైనక్స్ కెర్నలే నడుస్తుంది, విండోస్ హోమ్ ఎడిషన్‌లోనూ వస్తుంది, ఒక్క కమాండ్‌తో ఎక్కుతుంది, వాడనప్పుడు మెమరీ పెద్దగా పట్టి ఉంచదు. విండోస్ 11లో గ్రాఫిక్ ప్రోగ్రాములు కూడా దాన్నుంచే తెరుచుకుంటాయి. 8 జీబీ లాప్‌టాప్ ఉన్న పిల్లలకి దీన్ని మించినది నాకు కనపడలేదు, అయినా కాలేజీల్లో సీనియర్లు వర్చువల్‌బాక్సే చెబుతుంటారు, వాళ్లకి వాళ్ల సీనియర్లు అదే చెప్పి ఉంటారు.

ఓఎస్ ఇన్‌స్టాల్ చేయడం, పార్టిషన్లు, బూట్‌లోడర్, రెండు మూడు మెషిన్లని నెట్‌వర్క్‌లో కలపడం ఇవి నేర్చుకోవాలంటే మాత్రం పూర్తి వర్చువల్ మెషినే కావాలి, అప్పుడు వర్చువల్‌బాక్సో వీఎంవేరో. స్నాప్‌షాట్ (మెషిన్ ఆ క్షణంలో ఎలా ఉందో దాచుకోవడం) తీసుకుని ధైర్యంగా అన్నీ పాడుచేయండి, వెనక్కి రావడం ఒక్క నొక్కు. సైబర్ సెక్యూరిటీ కోసం కాలీ లైనక్స్ పెట్టేవాళ్లు ఒకటి తెలుసుకోవాలి: లాప్‌టాప్ లోపలి వైఫై కార్డు గెస్ట్‌కి వైఫైలా కనపడదు, మామూలు కేబుల్ నెట్‌వర్క్‌లా కనపడుతుంది. మానిటర్ మోడ్ (చుట్టుపక్కల వైఫై సంకేతాలన్నీ వినడం) ప్రాక్టీసుకి బయట యూఎస్‌బీ వైఫై అడాప్టర్ కొని దాన్ని గెస్ట్‌కి అప్పగించాలి, కాబట్టి ఇక్కడ కూడా హైపర్-వీ పనికిరాదు.

ఇప్పుడు ఇందాక చెబుతానన్న సంగతి. డాకర్ కోసమో ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్ కోసమో డబ్ల్యూఎస్‌ఎల్ 2 లేదా హైపర్-వీ ఆన్ చేసి ఉంటారు, తర్వాత వర్చువల్‌బాక్స్ వేస్తే కింద మూల ఆకుపచ్చ తాబేలు బొమ్మ కనపడుతుంది, ఉబుంటు తెరుచుకోవడానికి యుగాలు పడుతుంది. లాప్‌టాప్ పాతబడిందని అనుకుంటారు. అసలు కారణం, హైపర్-వీ ప్రాసెసర్‌ని ముందే పట్టుకుని ఉంది, వర్చువల్‌బాక్స్ దాన్ని అడిగి పని చేయించుకుంటోంది. మీరేమీ ఆన్ చేయకపోయినా ఇది జరగొచ్చు: కొత్త విండోస్ 11 లాప్‌టాప్‌ల్లో చాలావాటిలో కోర్ ఐసొలేషన్ కింద మెమరీ ఇంటెగ్రిటీ అన్నది ఆన్‌లోనే వస్తుంది, అది నడవాలంటే ఆ హైపర్‌వైజర్ ఉండాలి. దాన్ని ఆపేస్తే తాబేలు పోతుంది, కానీ ఒక రక్షణ కూడా పోతుంది. ఇంట్లో అందరూ బ్యాంకు పనులు చేసే లాప్‌టాప్‌లో దాన్ని ఆపమని నేను చెప్పను. అలాంటి చోట డబ్ల్యూఎస్‌ఎల్‌తో సరిపెట్టుకోండి, లేదా ప్రో ఎడిషన్ ఉంటే హైపర్-వీనే వాడండి, లేదా వీఎంవేర్ పెట్టి చూడండి, హైపర్-వీ ఆన్‌లో ఉన్నప్పుడు వర్చువల్‌బాక్స్ కంటే అది మెరుగ్గా సర్దుకుంటుందని నా అభిప్రాయం.

హైపర్-వీ బాగా కుదిరే చోట్లు కూడా ఉన్నాయి. విండోస్ ప్రో ఉన్న ఆఫీసు, లోపల నడపాల్సింది విండోస్ 10, 11 లేదా సర్వర్, బయట వస్తువులేవీ తగిలించక్కర్లేదు, అప్పుడు విడిగా ఏదీ డౌన్‌లోడ్ చేయకుండా అదే చాలు. హోమ్ ఎడిషన్‌లో ఇది రాదు, ఇంటర్నెట్‌లో దొరికే అడ్డదారి స్క్రిప్టులతో దాన్ని హోమ్‌లోకి దూర్చొద్దు. కొత్త మెషిన్ చేసేటప్పుడు జనరేషన్ 1 అంటే పాత బయోస్, జనరేషన్ 2 అంటే యూఈఎఫ్ఐ (బయోస్ స్థానంలో వచ్చిన కొత్తది), తర్వాత మార్చుకోవడం కుదరదు, 64 బిట్ విండోస్ అయితే 2 తీసుకోండి.

హోస్టే లైనక్స్ అయితే ఆలోచన అక్కర్లేదు, కేవీఎం. 2007లో కెర్నల్ 2.6.20తో లైనక్స్‌లోనే కలిసిపోయింది, పైన వర్ట్-మేనేజర్ వేసుకుంటే మౌస్‌తోనే అన్నీ అయిపోతాయి, యూఎస్‌బీ, కామ్ పోర్టు రెండూ అప్పగించొచ్చు. విండోస్ గెస్ట్ పెట్టేటప్పుడు డిస్కుని వర్టయో (వర్చువల్ మెషిన్ల కోసమే చేసిన వేగమైన డ్రైవర్) రకంగా ఎంచుకుంటే ఇన్‌స్టాలర్‌కి డిస్కే కనపడదు, కంగారుపడొద్దు, వర్టయో డ్రైవర్ల ఐఎస్‌ఓని రెండో సీడీగా తగిలించి అక్కడి నుంచి డ్రైవర్ చూపించాలి. ఆపిల్ సిలికాన్ (ఆపిల్ సొంత చిప్) మ్యాక్‌లు ఉన్నవాళ్లు ఎక్స్‌పీ ఆశ వదులుకోండి, ఎమ్యులేషన్‌లో నడుస్తుంది గానీ దానితో షాపు నడవదు.

తాడేపల్లిగూడెంలోనో తణుకులోనో నాలుగు కంప్యూటర్లున్న చిన్న ఆఫీసుకి, ట్యాలీ ఒక విండోస్‌లో, ఫైళ్లు ఒక లైనక్స్‌లో పెట్టి ఎప్పుడూ నడుస్తూ ఉండాలంటే ప్రాక్స్‌మాక్స్ మంచి దారి. 16 జీబీ ర్యామ్ ఉన్న మామూలు డెస్క్‌టాప్ చాలు. మెషిన్ మొత్తం దానికే ఇచ్చేయాలి, దాని తెర మీద డెస్క్‌టాప్ ఉండదు, పక్క కంప్యూటర్ బ్రౌజర్‌లో 8006 పోర్టు తెరిచి నడుపుకోవాలి. రాత్రికి రాత్రి బ్యాకప్ తీసే ఏర్పాటు లోపలే ఉంది, ఇందుకోసమే దీన్ని చెబుతాను. ఈఎస్‌ఎక్స్‌ఐ ఉచిత వెర్షన్‌ని 2024లో తీసేశారు, 2025లో మళ్లీ తెచ్చారు, ఇలా వచ్చిపోయేదాని మీద చిన్న ఆఫీసు ఆధారపడటం నాకు నచ్చదు.

కరెంటు

మన దగ్గర ఎంపికని నిజంగా తేల్చేది ఇదే. వేసవి మధ్యాహ్నం కరెంటు పోతుంది, వానాకాలం గాలికి పోతుంది, తుఫానైతే ఇక చెప్పక్కర్లేదు, 1996 నవంబరు తుఫాను చూసిన కోనసీమవాళ్లకి నేను చెప్పేదేముంది. మామూలు కంప్యూటర్ ఆగిపోతే ఒక ఓఎస్ డిస్కు దెబ్బతినే అవకాశం ఉంటుంది, గెస్ట్ నడుస్తుండగా పోతే రెండు ఓఎస్‌ల రాతలు మధ్యలో ఆగిపోతాయి. పైగా వర్చువల్‌బాక్స్‌లో ఒక పద్ధతి ఉంది, గెస్ట్ 'ఇది డిస్కు మీద ఖాయంగా రాసెయ్' అని పంపే ఫ్లష్ ఆదేశాన్ని వేగం కోసం మామూలుగా పట్టించుకోదు. బిల్లు సేవ్ అయిందని ఎక్స్‌పీ అనుకుంటుంది, అది ఇంకా హోస్ట్ మెమరీలోనే ఉండొచ్చు. దీన్ని మార్చడానికి ఇగ్నోర్‌ఫ్లష్ అనే సెట్టింగ్ ఉంది, దాని విలువ 0 చేయాలి, పద్ధతి వర్చువల్‌బాక్స్ మాన్యువల్‌లోనే రాసి ఉంది. కాస్త నెమ్మదిస్తుంది, కాటా బిల్లులకి ఆ నెమ్మది ఎవరికీ తెలియదు. కేవీఎంలో అయితే డిస్కు క్యాష్‌ని అన్‌సేఫ్ అని మాత్రం పెట్టొద్దు, అదీ ఇదే పని చేస్తుంది.

యూపీఎస్ లేకుండా డెస్క్‌టాప్‌లో గెస్ట్ నడపడం వద్దే వద్దు. యూపీఎస్ కొనేటప్పుడు యూఎస్‌బీ కేబుల్‌తో కంప్యూటర్‌కి తగిలేది తీసుకోండి, బ్యాటరీ తగ్గగానే కంప్యూటర్ తనే మూసుకుంటుంది. ఇక్కడ హైపర్-వీకి ఒక మార్కు ఎక్కువ: హోస్ట్ మూసుకునేటప్పుడు గెస్ట్ ఎలా ఉందో అలా సేవ్ చేయడం దాని మామూలు అలవాటు. ప్రాక్స్‌మాక్స్ కూడా గెస్ట్‌లని షట్‌డౌన్ చేసే తను ఆగుతుంది. విండోస్ మీద వర్చువల్‌బాక్స్‌లో మాత్రం గెస్ట్‌ని మీరే సేవ్ స్టేట్ కొట్టి మూసే అలవాటు చేసుకోవాలి, సాయంత్రం షాపు కట్టేసే కుర్రాడికి కూడా అది నేర్పాలి. లాప్‌టాప్ అయితే బ్యాటరీయే యూపీఎస్, అందుకే చిన్న కాటాలకి నేను బ్యాటరీ బాగున్న పాత లాప్‌టాప్‌నే చెబుతాను.

స్నాప్‌షాట్ బ్యాకప్ కాదు. అది అదే డిస్కు మీద అసలు ఫైలుని నమ్ముకుని ఉంటుంది, డిస్కు పోతే రెండూ పోతాయి, పేరుకుపోతే స్థలం తినేస్తుంది. వర్చువల్ మెషిన్‌లో ఉన్న గొప్ప సుఖం ఏమిటంటే మొత్తం కంప్యూటర్ ఒక ఫోల్డర్. గెస్ట్‌ని షట్‌డౌన్ చేసి ఆ ఫోల్డర్‌ని బయటి హార్డ్‌డిస్కులోకి కాపీ చేసుకుంటే అయిపోయింది. తుఫాను హెచ్చరిక వచ్చిన రోజు ఆ కాపీ తీసి, హార్డ్‌డిస్కుని ప్లాస్టిక్ కవర్‌లో చుట్టి ఎత్తు మీద పెట్టండి.

ఒకదాన్నుంచి ఇంకోదానికి

తప్పు ఎంపిక చేశామన్న టెన్షన్ పెద్దగా అక్కర్లేదు. వర్చువల్‌బాక్స్ వీడీఐ, వీఎంవేర్ వీఎండీకే, హైపర్-వీ వీహెచ్‌డీఎక్స్, కేవీఎం క్యూకౌ2, డిస్కు ఫైళ్ల రకాలు వేరైనా క్యూఎము-ఐఎంజీ అనే ఉచిత పనిముట్టు వీటిని ఒకదాన్నుంచి ఇంకోదానికి మారుస్తుంది. మార్చే ముందు స్నాప్‌షాట్లన్నీ కలిపేయండి, గెస్ట్ లోపల వేసిన పాత టూల్స్ తీసేయండి, కొత్త చోట డిస్కుని పాత కంట్రోలర్ రకానికే తగిలించండి. గెస్ట్ విండోస్‌కి కూడా విడిగా లైసెన్సు కావాలని మర్చిపోవద్దు, కంప్యూటర్‌తో పాటు వచ్చిన ఓఈఎం లైసెన్సు ఆ కంప్యూటర్‌కే కట్టుబడి ఉంటుంది. ఇక కాటావాళ్లకి ప్రత్యేకంగా: ఒక దాళ్వా సీజన్ మొత్తం లారీలు కొత్త పద్ధతిలో తూగి బిల్లులు సరిపోయేదాకా ఆ పాత ఎక్స్‌పీ డబ్బాని అమ్మొద్దు, దాని హార్డ్‌డిస్కుని ఫార్మాట్ చేయొద్దు.